మసకబారని బల్బు

ఆ పాలిటెక్నిక్‌లో ఆవిడ అసలు పేరు ఎంతమందికి గుర్తుందో గానీ, ‘చోక్ మేడం’ అంటే గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా తెలుసు. చోక్ అనే తీగచుట్ట ఏసీ కరెంటును ఎలా అడ్డుకుంటుందో ఏటా చెప్పీ చెప్పీ తెచ్చుకున్న బిరుదది. పిల్లలు సూత్రం గడగడా అప్పజెప్పేవారు. ఎందుకలా అని అడిగితే మాత్రం నేలచూపులే.

ఈసారి కళ్లారా చూపిద్దామని చుట్టనూ బల్బునూ ఒకే వరసలో కలిపి, స్విచ్ వేసి, చుట్టలోకి ఇనుప కడ్డీ దూర్చింది. బల్బు మసకబారాలి. బారలేదు. కడ్డీని ఇంకా తోసింది. ఊహూఁ.

"చుట్టకి మొహమాటం ఎక్కువేమో మేడం!" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

చూస్తే అది ఎల్‌ఈడీ బల్బు. వోల్టేజీ తగ్గినా లోపలి సర్క్యూట్ సర్దుకుని అంతే వెలుగిస్తుంది. పాతవి మాడిపోయాయని అటెండరు మార్చాడట.

"వెలుతురు బాగుంటుందనే పెట్టాను మేడం," అన్నాడతను నొచ్చుకుంటూ. ఆవిడకి ఒళ్లు మండింది.

సాయంత్రం ఫిలమెంటు బల్బు కోసం కాళ్లరిగేలా తిరిగింది. "అవి ఇంకా ఎవరు వాడుతున్నారండీ?" అన్నారు ప్రతి కొట్లోనూ. ఇంటికొస్తే అత్తగారు, "బాగా వెలిగేవి ఇంటినిండా ఉండగా, వెలగని దానికోసం ఊరంతా తిరగడమేంటమ్మా?" అని బుగ్గలు నొక్కుకుంది.

"మన స్కూటర్ ఇండికేటర్లో ఉన్నది ఫిలమెంటు బల్బేగా?" అన్నాడు భర్త.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వడిగితేగా!"

మర్నాడు ఆ బల్బునే చుట్టతో కలిపి పన్నెండు వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే చక్కగా వెలిగింది. అన్నే వోల్టుల ఏసీకి మార్చగానే మసకబారింది. కడ్డీ దూర్చితే సన్నని ఎర్రగీత మిగిలింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఒకే దిక్కున నిలకడగా పోయే కరెంటుతో చుట్టకి పేచీ లేదు. ఏసీ క్షణక్షణం మారుతుంది. దాంతోపాటు చుట్టలోని అయస్కాంత క్షేత్రమూ మారుతుంది. ఆ మార్పే ఎదురు వోల్టేజీని పుట్టిస్తుంది. ఎంత గబగబా మారితే అంత ఎదురు. లోపల ఇనుముంటే ఆ క్షేత్రం పెరిగి ఇంకా ఎదురు," అంది.

ముందు వరస అమ్మాయి చెయ్యెత్తింది. "మరి తగ్గిన కరెంటు ఎటు పోయింది మేడం? చుట్ట తినేసిందా?"

తల ప్రాణం తోకకొచ్చింది ఆవిడకి. "ఎటూ పోలేదమ్మా. అసలు రానే లేదు!"

"రాకుండా ఎలా?"

బెల్లు మోగింది. మిగతావాళ్లు సంచులు సర్దేస్తున్నారు. గుమ్మంలో తర్వాతి క్లాసుకొచ్చిన లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"రెండు నిమిషాలు ఆగండి," అని ఆయన మీద కసురుకుని, చోక్ మేడం బోర్డు తుడిచి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.