ఉడుముల గుట్ట మీద ఇరవై చుక్కలు

ఇబ్రహీంపట్నం దాటాక వచ్చే ఉడుముల గుట్ట మీద బాలనర్సమ్మ నలభై ఏళ్లుగా మోదుగాకు కోస్తోంది. విస్తర్లు కుట్టి హయత్‌నగర్ ఫంక్షన్ హాళ్లకు అమ్ముతుంది. చదువుకోలేదు. చెట్టు బతికుందో లేదో తేల్చడానికి మాత్రం ఆమెకు బొటనవేలి గోరు చాలు.

గత మార్చిలో ఉజ్వల అనే యువ పరిశోధకురాలు మండలం అడవుల పటం పట్టుకొచ్చింది. ఫిబ్రవరిలో ఉపగ్రహం తీసిన చిత్రాన్ని బట్టి కంప్యూటర్ గీసిన పటం అది. అందులో గుట్ట మొత్తం బీడు. కింద వాగు పొడవునా పెరిగిన సర్కారు తుమ్మ మాత్రం దట్టమైన అడవి. పటం అలాగే ఖరారైతే గుట్టను యంత్రాలతో దున్ని జామాయిల్ నాటుతారు. బాలనర్సమ్మకు ఇక ఆకు దొరకదు. ఖరారు చేయవలసిన గ్రామ కమిటీకి నేను అధ్యక్షుణ్ని.

"బీడా? ఎవడన్నడు గా మాట?" అని బాలనర్సమ్మ నేరుగా కమిటీ ముందుకే వచ్చింది.

"పూసిన మోదుగులు సరే పెద్దమ్మా. మిగతా చెట్లకు ఆకే లేదు. పైనుంచి మట్టే కనబడుతది," అంది ఉజ్వల.

"తానం జేసేటప్పుడు జూసి, దీనికి చీరే లేదంటే ఎట్ల బిడ్డా?"

కమిటీ సభ్యుడు జంగా నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను నవ్వలేదు. హాస్యం సాక్ష్యం కాదు. ఎవరూ వెళ్లి చూడని పటమూ సాక్ష్యం కాదు. అందుకని ఒక షరతు పెట్టాను. పటంలో గుట్ట మీద ఇరవై చుక్కలను కంప్యూటరే లాటరీ తీసి పెట్టాలి. ఒక్కో చుక్క దగ్గర ఐదు చెట్ల బెరడు గీకి చూడాలి. చోటు ఎంచుకునే హక్కు ఎవరికీ లేదు.

"నా గుట్ట మీద నాకే పరీక్షనా సారూ?"

"ఉజ్వలకు కూడా," అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఎక్కాము. మొదటి చుక్క దగ్గర సోమి చెట్టు ఎండుకట్టెలా నిలబడి ఉంది. బాలనర్సమ్మ గోటితో గీకింది. బూడిదరంగు బెరడు కింద తడితడిగా పచ్చని గీత. ఉజ్వల నమ్మలేక పక్క చెట్టును తానే గీకింది. అదీ పచ్చనే. నాలుగో చుక్క దాటేసరికి ఆ అమ్మాయి నడక మానేసి పరుగెత్తుతోంది. లెక్క రాస్తున్న జంగా రొప్పుతూ వెనకబడ్డాడు. నా వయసుకు తగని వేగంతో నేనూ ఎక్కుతున్నానని కాసేపటికి గాని గమనించలేదు.

పదకొండో చుక్క దగ్గర గోటి కింద గోధుమరంగు పొడి రాలింది. పన్నెండు, పదమూడూ అంతే. అంతకు ముందు వేసవిలో మంట పాకిన చోటు అది. బాలనర్సమ్మ ఒక్కో చెట్టునూ మూడుసార్లు గీకి చూసింది.

"గివి సచ్చినయ్. రాసుకో," అంది.

తర్వాతి ఏడూ పచ్చనే. ఇరవైలో పదిహేడు.

ఉజ్వల బండ మీద కూర్చుని, వెనకటి అక్టోబరు చిత్రాన్ని ట్యాబ్‌లో తెరిచింది. అది పైనుంచి కిందికి మెల్లగా తెరుచుకుంటుంటే నలుగురమూ దాని మీదికి వంగాము. గుట్ట తల నుంచి పాదం దాకా పచ్చగా వచ్చింది. వాగు పక్క తుమ్మ మాత్రం ఫిబ్రవరిలో ఎలా ఉందో అలాగే ఉంది.

"రంగు మారేదే మన అడవి సార్," అంటూ ఆమె బాలనర్సమ్మ వైపు తిరిగింది. "ఒక్క నెల చూసి రాసేసిన. తప్పు నాదే పెద్దమ్మా."

కమిటీ ఆ పటాన్ని తిప్పి పంపింది. కొత్త పటంలో గుట్ట ఆకురాల్చే అడవిగా నమోదైంది. జామాయిల్ ప్రతిపాదన ఆగిపోయింది. కాలిన మూడు చుక్కలనూ అడవిలోనే కలిపేయమని జంగా సలహా ఇస్తే, బాలనర్సమ్మే అడ్డుపడింది.

"ఉన్నదున్నట్టు రాయి బిడ్డా. వానలకు చిగురేస్తే నేనే ఫోన్ జేస్త."

జూలైలో ఫోన్ చేసింది. పన్నెండో చుక్క దగ్గర కాలిన చెట్టు మొదట్లోంచి రెండు చిగుళ్లు వచ్చాయట. కళ్లతో చూశాకే పటం మారుస్తానంది ఉజ్వల.

"చూడు మరి. జర జల్దీ రా, మేకలు గూడ జూసినయ్," అంది బాలనర్సమ్మ.