కాస్కేడ్ కషాయం

జైలంటే నాకు ఇప్పటికీ వణుకే. కాశీబుగ్గలో, రెండువేల మూడో ఏట, దాని గుమ్మం దాకా వెళ్లొచ్చిన ఘనుణ్ణి మరి! ఎలాగో చెబుతాను, వినండి.

బీరు ఫ్యాక్టరీలో పనిచేసే మా బావ సెలవుకొచ్చి, ఇంట్లో బీరు కాసి చూడమని, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్టుతో పాటు నాకో పొట్లం ఇచ్చాడు. నిండా ఆకుపచ్చ గుళికలు. విప్పగానే పంపరపనస తొక్క గిల్లినట్టు గుప్పుమంది.

"హాప్స్ రా ఇవి, బీరులో ఏసే పూల గుళికలు, కాస్కేడ్ రకం. సగం మొదట్లో ఎయ్యి, బీరుకి సేదొత్తాది. మిగతాది దించీముందు ఎయ్యి, వాసనొత్తాది. ఎక్కువ మరిగిత్తే వాసనంతా పోద్ది, సూసుకో!"

నేను వింటే కదా! పురోహితుల ఇంట పుట్టినవాణ్ణి. మా ఇంట్లో కషాయమంటే ఎనిమిది గ్లాసులు ఒక గ్లాసయ్యేదాకా మరగాల్సిందే. ఇంట్లో ఎవరూ లేని రోజు చూసి, బార్లీ మాల్టు నీళ్లలో పొట్లమంతా ఒక్కసారే కుమ్మరించి, అలాగే మరిగించాను. చల్లారాక బేకరీలో అడిగి తెచ్చిన ఈస్టు కలిపి, జాడీలో పోసి అటక మీద దాచాను.

వారం తిరిగింది. ఓ ఉదయం వీధిగదిలోంచి నాన్నగారి గొంతు.

"ఇన్‌స్పెక్టరుగారూ, మీ రొంపకి మావోడు కాసిన కషాయం ఉందండీ. అటక మీద కనపడింది. కొంచెం పుచ్చుకోండి."

కూతురి పెళ్లి ముహూర్తం కోసం వచ్చిన ఆ పెద్దమనిషి ఎవరనుకున్నారు? ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరు! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాన్నా, అది పాతది! పారబోసెయ్యండి!" అంటూ పరుగెత్తాను.

"పాతదైతే మరీ మంచిది కదరా," అని గ్లాసు ఆయన చేతిలో పెట్టేశారు.

ఆయన గటగటా తాగేశాడు. కళ్లు, ముక్కు, మీసాలు అన్నీ ఒకచోటికి చేరాయి. నాన్నగారు కంగారుగా మంచినీళ్లకి లోపలికెళ్లారు. ఇన్‌స్పెక్టరు గ్లాసు వాసన చూసి, నన్ను వేలితో దగ్గరికి పిలిచాడు.

"ఏటిది?"

"క... కషాయం సార్."

"నాకే సెప్తన్నావా? బీరు కాసినావు కదూ?"

తలూపాను. రేపటి నుంచి నాన్నగారిని పెళ్లికి పిలిచేదెవరు? ఏడుపొచ్చేసింది. "సార్, నన్ను లోపలేసెయ్యండి. నాన్నగారికి మాత్రం చెప్పకండి, మీకు దండం పెడతాను."

ఆయన నాలుక తుడుచుకుంటూ నిట్టూర్చాడు. "కేసెట్టాలనే ఉంది గానీ, ఇది బీరని ఏ కోర్టులో రుజువు సెయ్యమంటావయ్యా?"

అప్పుడే ఒట్టేసుకున్నాను, ఈ జన్మకి పొయ్యి మీద గిన్నె పెట్టనని. ఆ ఒట్టుకి కట్టుబడే, ఇన్నేళ్లుగా టీ కూడా మా ఆవిడ చేతే పెట్టించుకుంటున్నాను.