ఆంటీ ఇచ్చిన శ్రుతి

ఈ ఉదయం, విదేశంలో మేముండే టూంగాబీలో దేవదానం అంకుల్ భూస్థాపన కార్యక్రమం జరిగింది. గుంటూరులో కుర్రాడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, ఆయన జీవితమంతా నలుగురేసి పాడే బృందాల్లోనే సువార్త గీతాలు పాడారు. మాది ఆయనకు చివరి బృందం. ఇరవై ఏళ్ళుగా అన్నిటికన్నా కింది స్థాయి గొంతు, బేస్, ఆయనది, పై మూడూ మావి.

మేం వాయిద్యాలు వాడం. అంకుల్ కళ్ళు మూసుకుని సన్నగా ఒక స్వరం తీస్తే, దాన్ని పట్టుకుని అందరం పాట ఎత్తుకుంటాం. ఈ వారమంతా ఆయన పాత రికార్డింగ్ పెట్టుకుని సాధన చేశాం కాబట్టి, శ్రుతి ఎవరివ్వాలన్న ఆలోచనే మాకు రాలేదు. తీరా శవపేటిక పక్కన నిలబడ్డాక, ముగ్గురం అలవాటు కొద్దీ ఆయన కోసం ఆగాం. చర్చిలో అందరూ మా వైపే చూస్తున్నారు.

అప్పుడు ముందు వరసలోంచి ఆయన భార్య రూతమ్మ ఆంటీ, పెదవి కదపకుండా ఒక స్వరం ఇచ్చారు. పాట ఎక్కడా తడబడలేదు.

తర్వాత అడిగాను, "అంకుల్ ఇచ్చే శ్రుతి మీకెలా తెలుసు ఆంటీ?"

"మీ ప్రాక్టీసంతా నా కిచెన్ పక్కనే కదా నాయనా. అయినా అది ఆయన శ్రుతి కాదు. ఆయన తన గొంతుకి తగ్గట్టు బాగా కిందకిచ్చేవారు, మీరు ఇబ్బంది పడేవాళ్ళు. ఇవాళ మీ ముగ్గురే కదా అని కాస్త పైకిచ్చా."

మీ ఇళ్ళల్లో టీ కప్పులు అందించి లోపలికెళ్ళిపోయేవాళ్ళని ఎప్పుడైనా పాడమని అడిగారా? మేం ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ అడగలేదు.