ఎమ్మిగనూరు నుంచి తెచ్చిన టైపు మిషను

పొద్దున ఎనిమిదింటికి ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఒళ్లో తొమ్మిది నెలల పాప. సంచిలో నాలుగు జతల గుడ్డలు, పాలసీసా, డబ్బాలో నాకు బొరుగుల ఉగ్గాని. ఈ దారిన చంటిపిల్లతో వెళ్లేవాళ్లు ఆరు జతలు పెట్టుకోండి.

వెళ్తున్నది తెలుగు టైపు మిషను కోసం. పెళ్లికి ముందు టైపు పరీక్ష పాసయ్యాను. ఇప్పుడు పత్రికకు చేత్తో ఏదైనా రాస్తే, కాగితం పాప నోట్లోకి, సిరా పాప పొట్ట మీదికి పోతున్నాయి. మిషనును పాప లాగలేదు, మింగలేదు. పైగా అక్షరాలు కొట్టడం తప్ప దానికి ఇంకో పని తెలియదు.

మా అత్తయ్య షరతు ఒక్కటే. "తెచ్చుకోమ్మా, వద్దనను. ఆ మోతకు బిడ్డ ఒక్కతూరి ఉలిక్కిపడి లేసిందా, మరుసటి బస్సుకే వాపసు పోవల్ల."

తొమ్మిదిన్నరకు దిగాం. టైపు నేర్పే సారు ఇల్లు బస్టాండుకు దగ్గరే. "ఇంగ్లీషు మిషనుకైతే పిల్లోళ్లు వస్తారు, దీన్నెవురూ ముట్టరు. నెల రోజులు పెట్టుకోమ్మా, పనికొస్తే అప్పుడు మాట్లాడుకుందాం" అంటూ ఒక అక్షరం కొట్టి చూపించారు. నా భుజం మీద నిద్రపోతున్న పాప ఎగిరిపడి కెవ్వుమంది. సారు మీసం సవరించుకుని రెండోది కొట్టారు. ఇంకా పెద్ద కేక. మరుసటి బస్సు ఎన్నింటికో అడుగుదామనుకున్నాను.

ఆ కేకలకు పక్కింటి నేతగత్తె ఈరమ్మ వచ్చింది. "యాల ఏడుస్తాంది? ఇట్లియ్యి" అని పాపను తీసుకుపోయి, తన మగ్గం పక్కనున్న చీర ఉయ్యాలలో వేసి, నేత మొదలుపెట్టింది. ఇల్లంతా దడదడ. నేను చెవులు మూసుకున్నాను, పాప కళ్లు మూసుకుంది!

కాసేపటికి పోగు తెగి మగ్గం ఆగింది. వెంటనే పాప లేచి ఏడుపు.

"సూసినావా? మా ఇండ్లల్లో బిడ్డలంతా ఇంతే. మగ్గం ఆడితే నిద్దర, నిలిస్తే ఏడుపు. మీ సారు ఒకటి కొట్టి మీసం దువ్వి ఇంకొకటి కొడతాండాడు. ఉలిక్కిపడదా?"

"ఆగకుండా కొడితే మరి ఆలోచించుకునేదెప్పుడక్కా?"

"మగ్గంలో కూసున్నంక ఆలోసనేందమ్మా? అదంతా ముందే, పడుగు పోగులేసేటప్పుడే."

రెండున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. "ఆర్మోనియమా? ఒక పాట పాడితే లగేజీ కొట్టను" అన్నాడు కండక్టరు. టైపు మిషనని చెప్పగానే లగేజీ టికెట్ కొట్టాడు.

ఊరు దాటగానే, అందరికీ టికెట్లు ఇచ్చేదాకా బస్సు ఆపేశారు. ఇంజను ఆగింది, పాప లేచింది. ఏడుపు బస్సు కప్పుకు తగిలింది. పక్కసీటులో ఆదోని పత్తి వ్యాపారి, తెల్లగడ్డం సాహెబు. పాపను ఆయన చేతుల్లో పెట్టి, మిషను ఒళ్లో పెట్టుకుని మూత తెరిచాను. సారు వదిలిన కాగితం అందులోనే ఉంది. తోచింది కొట్టుకుంటూ పోయాను: కండక్టరు చెవిలో పెన్సిలు, ముందు సీటు కింద కోడి, దాని యజమాని గురక. పాప రెప్పలు వాలాయి. వెనక సీటువాళ్లు నా భుజం మీదుగా చదివి పకపక నవ్వారు. కోడి యజమాని కూడా లేచి, తన గురక గురించి చదువుకున్నాడు.

నాలుగో వాక్యంలో మాట తట్టక ఆగాను. పాప ఒక కన్ను తెరిచింది.

"నిలపొద్దమ్మా, కొట్టు, కొట్టు!" బస్సంతా అరిచింది.

"ఏమీ దొరక్కుంటే నా కథ రాయి బేటీ," అన్నాడు సాహెబు. "రెండో పెండ్లి దాకా సెప్తా. ఆదోని వస్తాది."

ఆదోని వచ్చింది, రెండో పెళ్లి మాత్రం రాలేదు.

దీపాలు పెట్టే వేళకు అత్తయ్య ఉయ్యాల పక్కనే కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. "ఏదీ, కొట్టు సూస్తాం." బస్టాండు నుంచి ఇంటిదాకా అన్నీ ముందే ఆలోచించుకుని వచ్చాను కాబట్టి ఈ ప్రయాణమంతా ఆగకుండా కొట్టుకొచ్చాను. పాప కదల్లేదు. రెండో పేజీకల్లా అత్తయ్య తల కూడా పక్కకు వాలింది.

చెప్పాల్సింది అయిపోయింది. ఎమ్మిగనూరుకు బస్సులు బాగానే ఉన్నాయి, మనుషులు ఇంకా బాగున్నారు. ఉగ్గాని మిగిలింది. రేపు ఉతకాల్సిన గుడ్డలు నాలుగు జతలు. ఇంకేం కొట్టాలో తెలియడం లేదు, కానీ ఇప్పుడు ఆపితే ఇద్దరూ లేస్తారు.