ఏమీ అడగని ప్రార్థన

మా వదినకు దేవుడి మీద నమ్మకం ఎంతో, అనుమానమూ అంతే. రోజూ పనికి బయల్దేరే ముందు బైబిలు వాక్యాలు అచ్చేసిన వాగ్దాన కార్డుల పెట్టెలో చేయి పెట్టి ఒక వాక్యం తీసేది. స్వస్థత, సమాధానం లాంటివి వస్తే మొహం విప్పారేది. శ్రమ, ఓర్పు అని వస్తే గుట్టుచప్పుడు కాకుండా లోపల పడేసి ఇంకోటి తీసేది.

"ఏంటి వదినా, దేవుడితో పేకాడుతున్నావా? నచ్చిన ముక్క పడేదాకా తీస్తూనే ఉంటావా?" అనేదాన్ని.

"నీకేం, నోరుంది, వాగుతావు," అనేది. నా నోరు మంచిది కాదని నేనూ ఒప్పుకుంటాను.

ఇద్దరం ఒకే ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాం. తను ఉతికే మిషన్ల దగ్గర, నేను ఇస్త్రీ దగ్గర. కిటికీల్లేని గది, ఆవిరి, బ్లీచింగు వాసన. సాయంత్రానికి వేళ్ల కొసలు నానిపోయి తెల్లగా ముడతలు పడతాయి. చనిపోయినవాళ్ల దుప్పట్లు విడిగా, మూటగట్టి వస్తాయి. మూటకు మంచం నంబరు చీటీ ఉంటుంది. వాటిని మరిగే నీళ్లలో వేరేగా ఉతకాలి.

మా అన్నయ్య అదే ఆసుపత్రిలో, పై అంతస్తులో, పద్నాలుగో మంచం మీద ఉన్నాడు. రాళ్ల క్వారీలో ఇరవై ఏళ్లు మింగిన దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. పాస్టరుగారు వచ్చి నుదుటికి నూనె రాసి, "నీకు నమ్మకం ఉంటే లేచి నడుస్తాడమ్మా," అని వదినతో అన్నారు. అప్పట్నుంచి అన్నయ్యకు దగ్గు తెర వచ్చినప్పుడల్లా తప్పు తనదే అని వదిన కుమిలిపోయేది. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతుంది.

ఒక ఉదయం వదిన మూట విప్పబోయి ఆగిపోయింది. చీటీ మీద పద్నాలుగు అని ఉంది.

నేను మెట్లెక్కి పరిగెత్తాను. అన్నయ్య బతికే ఉన్నాడు. తెల్లవారుజామున ఆయాసం పెరిగితే వేరే మంచానికి మార్చి, పద్నాలుగులో ఇంకొకాయన్ని పడుకోబెట్టారట. ఆయన గంటలోనే పోయాడు. మాకు ఒక్క ముక్క చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"ఉన్నాడు వదినా! అన్నయ్య ఉన్నాడు!" అని అరుస్తూ కిందికి వచ్చాను.

వదిన ఆ మూట ఒళ్లో పెట్టుకుని, నేల మీద కూర్చుని ప్రార్థన చేస్తోంది. నన్ను పట్టుకుని భోరుమంది. కాసేపటికి మూట వైపు చూసి, "మరి ఇవి ఎవరివి? ఆయన భార్యకి చెప్పారా పాపం?" అంది.

నాకు ఆ ఆలోచనే రాలేదు. సిగ్గేసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాను. "అన్నయ్య పోయాడనే అనుకున్నావు కదా, ఇంకేం అడిగావు?"

"ఏమీ అడగలేదు. అడగడానికి ఏం మిగిలింది? అయినా లేవబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ దేవుడి చేతిలో ఏముందోనని చూశాను గానీ, ఆయన మొహం ఎప్పుడూ చూడలేదే అనిపించింది."

ఆ రోజుతో కార్డులు తీయడం మానేసింది. నెల తిరక్కుండానే అన్నయ్య పోయాడు. మూడు రోజులు గాలి కోసం కొట్టుకుని పోయాడు. అద్భుతం ఏదీ జరగలేదు. వదిన ఆ మూడు రోజులూ అన్నయ్య చెయ్యి వదల్లేదు.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు ఎప్పట్లాగే, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నారు. వదిన లేచింది.

"మా ఆయన్ని బతికించమని అడిగాను. దేవుడు బతికించలేదు. ఎందుకో నాకు తెలీదు. కోపంగా ఉంది, ఆ మాట దేవుడికే చెప్పాను. పాస్టరుగారూ, మా ఆయన పోయింది నా నమ్మకం చాలక కాదు. ఇంకే ఆడదానికీ ఆ మాట చెప్పకండి. నేను మాత్రం వచ్చే ఆదివారం కూడా ఇక్కడికే వస్తాను."

అని కూర్చుంది. పాస్టరుగారు తల దించుకున్నారు. సాక్ష్యం అవగానే ఎప్పుడూ అనే స్తోత్రం ఎవరూ అనలేదు. నేను వదిన చెయ్యి పట్టుకున్నాను.

ఆమెన్ అన్నాను నేను. అందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.