ఏ పచ్చ అని ఎవరూ అడగలేదు

1998లో నేను మేడ్చల్, శామీర్‌పేటల మధ్య ఒక పోలీస్ స్టేషన్‌లో కానిస్టేబుల్‌ని. ఏ స్టేషనో చెప్పను. చెబితే ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న పిల్లల మీద పడతారు జనం. స్టేషన్ మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకని ఏడుస్తూ వచ్చిన ఆడవాళ్లందరినీ నా దగ్గరికి తోసేవారు, ఏడుపు ఆపడం కూడా నాకు ట్రైనింగ్‌లో నేర్పినట్టు. సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదని చాలామంది అడుగుతుంటారు. దొంగను వెంటాడి పట్టుకున్న కథ చెబుతానని ఆశపడతారు. నాకు గుర్తొచ్చేది మాత్రం తేలని కేసు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వినాయక నిమజ్జనం బందోబస్తు రోజులవి. తూంకుంట రోడ్డు పక్కన చేపలమ్మే ఎల్లమ్మ, తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని స్టేషన్‌కి వచ్చింది. ఆమె పెనిమిటి చెరువులో వలలు వేసేవాడు, జ్వరమొచ్చి చిన్నవయసులోనే పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు మంజుల. పదహారేళ్లది. పదో తరగతి పాసై, మేడ్చల్‌లో కుట్టుపని నేర్చుకోవడానికి రోజూ సెవెన్ సీటర్ ఆటోలో వెళ్లి వస్తుండేది. ముందురోజు పొద్దున వెళ్లిన పిల్ల ఇంటికి రాలేదు.

మా ఎస్సై తల ఎత్తకుండానే అడిగాడు. "ఎవనితోని పోయింది?"

"ఎవనితోని పోలే సారు. మిషను నేర్సుకోనీకి పోయింది," అంది ఎల్లమ్మ.

"అదే, ఆడికెల్లి ఎవనితోని పోయింది అంటున్న."

ఆడపిల్ల కనిపించలేదని వస్తే మేము నమోదు చేసేది గర్ల్ మిస్సింగ్ కేసు. పేరుకు కేసు గానీ, స్టేషన్‌లో ఎవరూ దాన్ని కేసుగా చూడరు. ప్రేమ వ్యవహారం, నాలుగు రోజులాగితే పసుపుతాడుతో తనే వస్తుంది అనేస్తారు. నిజంగా అలా వచ్చిన పిల్లలు ఉన్నారు, కాదనను. కానీ రానివాళ్ల సంగతేంటని అడిగితే జవాబుండదు. పైగా లిమిట్స్ గొడవ. లిమిట్స్ అంటే ఒక స్టేషన్ పరిధి. పిల్ల ఎక్కింది మా లిమిట్స్‌లో, దిగాల్సింది పక్కవాళ్ల లిమిట్స్‌లో. ఎల్లమ్మ అప్పటికే ఆ స్టేషన్‌కి వెళ్తే మా దగ్గరికి పొమ్మన్నారట. మావాళ్లు మళ్లీ అక్కడికి పంపబోతుంటే ఆమె నేల మీద చతికిలబడింది. "సంపుండ్రి, నేనైతే లెవ్వ," అంది. అప్పుడు గానీ కంప్లయింట్ తీసుకోలేదు.

సరిగ్గా అప్పుడే నేను బందోబస్తు వ్యాను ఎక్కాల్సి వచ్చింది. కంప్లయింట్ రాసుకున్నది మా రైటర్ గారు. రైటర్ అంటే స్టేషన్‌లో రాతకోతలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మంచి మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. వైర్‌లెస్ సెట్‌లో చుట్టుపక్కల స్టేషన్లకు మెసేజ్ ఇవ్వాలంటే ఆయనే ఇవ్వాలి.

మర్నాడు నేనే తూంకుంట వెళ్లి ఎల్లమ్మ పక్కన కూర్చున్నాను.

"ఏం బట్టలేసుకుంది అక్కా?"

"పచ్చ డ్రెస్సు సెల్లె. ఎర్ర చున్ని. డ్రెస్సు అదే కుట్టుకుంది. మొదటిసారి తొడుక్కున్నది గదా, అద్దంల సూసుకున్నదే సూసుకున్నది."

ఆటోల అడ్డా దగ్గర ప్రతి డ్రైవరునీ అడిగాను, పచ్చ డ్రెస్సు పిల్లని చూశారా అని. మేడ్చల్ అడ్డాలో ఒక ముసలాయన చూశానన్నాడు. "అత్వెల్లి దిక్కు పోయే బండిల కూసున్నది మేడం. డ్రైవరు పక్కనే. గా బండి మా అడ్డాది గాదు. గా డ్రైవరు గీ నడుమనే వస్తుండు."

పిల్ల ఇల్లు ఒకవైపు, ఆ బండి వెళ్లింది ఇంకోవైపు. స్టేషన్‌కి పరుగెత్తుకొచ్చి చెప్పాను. పచ్చ డ్రెస్సు పిల్లని అత్వెల్లి దారిలో చూశారండీ అని. "మంచిది, నేనూ పచ్చ డ్రెస్సనే మెసేజ్ ఇచ్చాను," అన్నారు రైటర్ గారు. ఇద్దరం తలలూపుకున్నాం. అత్వెల్లి మన లిమిట్స్ కాదు, వాళ్లు చూసుకుంటారు అన్నాడు ఎస్సై. ఆ బండి ఎవరిదో కనుక్కోవడానికి నన్ను పంపలేదు, ఎవరినీ పంపలేదు. వారం తిరక్కుండా నన్ను ఇంకో బందోబస్తులో పడేశారు.

తర్వాత ఏం జరుగుతుందో పోలీసు ఇళ్లలో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. ఏమీ జరగదు. ఎస్సై మారాడు, రైటర్ గారు రిటైరయ్యారు, నేను సంగారెడ్డికి బదిలీ అయ్యాను. ఎల్లమ్మ మాత్రం ఎక్కడికీ కదల్లేదు. ఏటా పెత్రమాసకు ముందు నా ఆచూకీ వెతుక్కుంటూ వచ్చేది. పెత్రమాస నాడు మావైపు చనిపోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు దానమిస్తారు. పెద్దలకు బియ్యమివ్వడం అంటారు.

"నా పెనిమిటి పేరు మీద ఇస్తున్న సెల్లె. పిల్ల పేరు ఎత్తాల్నా వద్దా? బతికున్నదానికి ఇస్తె ఉసురు తగుల్తది. సచ్చినదానికి ఇయ్యకుంటె అది ఆకలితోని తిరుగుతది. మీ సార్లను ఒక్కమాట అడుగరాదు."

ఏ సారును అడగను? అడిగితే నవ్వుతారు. అడిగాను కూడా, నవ్వారు. విచారణలో ఉంది అక్కా అనేదాన్ని. ఆమె గుమ్మం దాటగానే నా నోటిని నేనే తిట్టుకునేదాన్ని.

2006లో హెడ్ కానిస్టేబుల్‌గా మళ్లీ పాత స్టేషన్‌కే వచ్చాను. ఆ ఏడు వేరే జిల్లాలో ఒక మనిషి దొరికాడు. ఒంటరిగా కనిపించిన ఆడవాళ్లకు లిఫ్ట్ ఇస్తానని ఎక్కించుకుని చంపేవాడని కేసులు. అంతకుముందు కొన్నాళ్లు మేడ్చల్ రోడ్డులో సెవెన్ సీటర్ నడిపాడని బయటపడింది. పాత మిస్సింగ్ కేసులన్నీ తిరగెయ్యమని పైనుంచి ఆర్డరొచ్చింది. కొత్త ఇన్‌స్పెక్టర్ కుర్రవాడు, మర్యాదస్తుడు. అప్పట్లో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి మంజుల ఫైలు నా ముందు పెట్టాడు.

రైటర్ గారి వైర్‌లెస్ మెసేజ్‌ని నేను చూడటం అదే మొదటిసారి. ఇంగ్లీషులో ఉంది. గ్రీన్ కలర్ చుడీదార్, రెడ్ చున్నీ అని.

గ్రీన్!

నాది సిద్దిపేట వైపు. మా నోట పచ్చ అంటే పసుపు రంగే. ఆకులదైతే ఆకుపచ్చ అంటాం, లేదా చిలకపచ్చ అంటాం. రైటర్ గారికి పచ్చ అంటే పచ్చజెండా పచ్చ. పచ్చకామెర్లు అన్నప్పుడు ఆయనకూ అది పసుపే, అనుమానం లేదు. డ్రెస్సు దగ్గరికొచ్చేసరికి ఆకుపచ్చ అయిపోయింది. ఆ మెసేజ్ తెలుగులో ఇచ్చి ఉంటే చుట్టుపక్కల స్టేషన్ల కుర్రాళ్లంతా పసుపనే అనుకునేవాళ్లు. పక్కా ఇంగ్లీషులో ఇచ్చి పిల్ల బట్టల రంగే మార్చేశాం.

తూంకుంట పరుగెత్తాను. ఎల్లమ్మ చేపలు తోముతోంది.

"అక్కా, ఏ పచ్చ?"

"ఏ పచ్చ ఏంది? పచ్చంటె పచ్చనే. తంగేడు పువ్వు లెక్క." తర్వాత నా ముఖం చూసి కత్తి కిందపెట్టింది. "ఏమయింది సెల్లె?"

మళ్లీ వస్తానని వచ్చేశాను. నేరుగా పక్క స్టేషన్‌కి వెళ్లి, ఆ రోజుల్లో పసుపు డ్రెస్సుతో ఎవరైనా దొరికారా అని అడిగాను. అక్కడి పాత హోంగార్డుకు గుర్తుంది. అత్వెల్లి అవతల నీలగిరి తోటలో, మంజుల కనిపించకుండా పోయిన నెలలోనే, ముఖం గుర్తుపట్టలేని ఆడమనిషి శవం దొరికింది. పసుపు డ్రెస్సు. చున్నీ లేదు. వాళ్లు మా మెసేజ్ తీసి చూశారు, గ్రీన్ అని ఉంది కాబట్టి ఇది మంజుల కాదని పక్కన పెట్టేశారు. వయసు ఇరవై పైనే అని డాక్టరు అంచనా వేశాడు. ఎవరూ రాలేదని పంచాయతీ వాళ్ల చేత పూడ్పించారు.

"బట్టలు?"

"గవి రూలు ప్రకారం కాలవెట్టిర్రు మేడం. ఎన్నేండ్లని పెట్టుకుంటం?"

పూడ్చిన చోటు చూపించమన్నాను. తీసుకెళ్లాడు. అక్కడ వెంచర్ లేచింది. జేసీబీలతో నేలంతా చదును చేసి, తెల్లసున్నం వేసిన రాళ్లు పాతారు, కార్నర్ ప్లాటుకి రేటెక్కువని బోర్డు. హోంగార్డు అటు చూశాడు, ఇటు చూశాడు. "గీడనో, గాడనో," అన్నాడు. ఎముక దొరికితే డీఎన్‌ఏ పరీక్ష చేయించొచ్చు. ఎక్కడ తవ్వాలి? ఇన్‌స్పెక్టర్ తవ్వకానికి అనుమతి అడిగితే, స్థలం కచ్చితంగా చెప్పండన్నారు పైవాళ్లు. వాళ్లన్నదీ తప్పని అనలేను. అదే నా మంట.

మిగిలింది ఆ మనిషి. పీటీ వారంట్ మీద తెచ్చారు. ఒక కేసులో జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసు కోసం రప్పించే కాగితం అది. సన్నగా, గడ్డం నున్నగా గీసుకుని, బస్సులో పక్కసీటులో కూర్చుంటే సర్దుకుని చోటిచ్చేలా ఉన్నాడు. ఏది అడిగినా అవ్ సార్ అంటాడు. ఈ ఊరా? అవ్ సార్. ఆ ఊరా? అవ్ సార్. అలాంటి ఒప్పుకోలు కోర్టులో దేనికీ పనికిరాదు. ఇన్‌స్పెక్టర్ విసిగిపోయి కుర్చీ వెనక్కి జరుపుకున్నాక నేను అడిగాను.

"అత్వెల్లి దారిల నీ పక్క సీట్ల ఒక పిల్ల కూసున్నది. ఏం రంగు డ్రెస్సు?"

వాడు నా చేతిలోని ఫైలు చూశాడు. "మీ కాయిదంల ఏముంటె గదే రాసుకోండ్రి మేడం."

మా కాగితంలో గ్రీన్ ఉంది. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. నిజానికి ఎవరి చెంప పగలగొట్టాలో ఆ గదిలో నాకు అర్థం కాలేదు. తర్వాత వాడు అన్నిటికీ అడ్డం తిరిగాడు. మంజుల కేసులో వాడి మీద చార్జిషీటు వెయ్యడానికి ఒక్క సాక్ష్యం నిలవలేదు. అడ్డా ముసలాయన అప్పటికే కాలం చేశాడు. ఆ పిల్లని వాడే చంపాడా, నీలగిరి తోటలో దొరికింది ఆ పిల్లేనా, ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

పక్క స్టేషన్ ఫైలులో మిగిలిన శవం ఫొటో ఎల్లమ్మకు చూపించారు. బ్లాక్ అండ్ వైట్. చాలాసేపు చూసింది. "మెడకాడ కుట్టు మా పిల్లదాని లెక్కనే ఉన్నది. కని కొత్తగ నేర్సుకునే పిల్లలందరు గట్లనే కుడుతరు గదా," అంది. నిర్ధారణ కాలేదని రాసుకున్నారు. తేలేదాకా ఆమెకు ఏమీ చెప్పొద్దని ఇన్‌స్పెక్టర్ నాతో అన్నాడు. ఎప్పుడు తేలుతుంది సార్ అన్నాను. ఆయన ఆ ఫైలు మూసి ఇంకో ఫైలు తీశాడు, పాపం.

ఆ తర్వాత నా సర్వీసు ఉన్నంతకాలం రంగును నోటిమాటగా ఒప్పుకోలేదు. ఎరుపన్నా సరే, గదిలో ఏదో ఒకటి ముట్టుకుని చూపించమనేదాన్ని. కంప్లయింట్ ఇచ్చేవాళ్ల మాటను వాళ్ల మాటగానే రాయమని రైటర్ల ప్రాణం తీసేదాన్ని. నాకు చాదస్తమని పేరొచ్చింది. రానియ్, ఒక పిల్ల ఖర్చుతో నేర్చుకున్న చాదస్తం.

ఫొటో చూపించిన ఆ ఏడే, పెత్రమాస ముందురోజు ఎల్లమ్మ మా క్వార్టర్‌కి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పోలీసు లెక్క సెప్పకు సెల్లె. నాకు ఒడుపుగ సెప్పేటోళ్లు మస్తుమంది అయిర్రు. నువ్వేమనుకుంటున్నవో గది సెప్పు. పిల్ల పేరు ఎత్తాల్నా వద్దా?"

రుజువు లేదు, అధికారం లేదు, చెప్పొద్దన్న ఆర్డరు ఉంది. అంతా చెప్పాను. పచ్చ సంగతి, నీలగిరి తోట సంగతి, చదును చేసిన నేల సంగతి. చివరికి, "ఇయ్యి అక్కా," అన్నాను.

ఆమె గుమ్మాన్ని పట్టుకుంది. "రేపు ఒగవేళ తిరిగొస్తె?"

"వస్తే నన్ను తిట్టు. అందరిముందు తిట్టు."

తలూపి వెళ్లిపోయింది. ఆ మర్నాడు మొగుడి పేరుతో పాటు బిడ్డ పేరూ చెప్పి బియ్యమిచ్చింది. అప్పటినుంచి ఏటా ఇస్తోంది. మళ్లీ నన్నెప్పుడూ ఏమీ అడగలేదు, చేపలు కొనబోతే డబ్బులు తీసుకోకుండా ఇచ్చి పంపేది అంతే. స్టేషన్ ఫైలులో మంజుల ఇప్పటికీ కనిపించకుండా పోయిన పిల్లే. తల్లికి ఆ ఎదురుచూపు తప్పించాను గానీ, అది నాకు అంటుకుంది. మేడ్చల్ బస్టాండులో ఇప్పుడు ఆ పిల్లకుండే వయసున్న ఆడమనిషి ఎవరైనా నావైపు నడిచొస్తే, ఈమె మంజుల కాకూడదు దేవుడా అనుకుంటాను.