ఒకే రోజు కొన్న రెండు బాకులు

యాదగిరి బాకు నకిలీదని, బాకుల సంగతి తెలిసినవాడి నోటితో చెప్పించాలనే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. ఈ వయసులో దాచుకోవడం దేనికి? యాదగిరి మా పక్కింటివాడు, నాకంటే ఆరేళ్లు చిన్న. పన్నెండేళ్ల కిందట బేగంబజార్ అవతల గురువారం సంతలో, ఒకే గోనెపట్టా మీద పరిచిన రెండు బాకులు ఇద్దరం చెరొకటి కొన్నాం. పెద్దవాణ్నని ముందు నేనే ఏరుకున్నాను. కాస్త మసి తక్కువున్నది నాకు, నల్లగా మసిపట్టింది వాడికి. మొన్న వాడి బాకు ఫోటో చూసి ఎవరో "ఇది బాగా పాతది, ఎవరికైనా చూపించండి" అన్నారట. అప్పట్నుంచి ఉప్పుగూడలో మా టీకొట్టువాడు యాదగిరికి కుర్చీ వేస్తున్నాడు. అంతకుముందు ఆ కుర్చీ నాది.

ఉదయం పదిన్నరకు ఆటో ఎక్కాం. లాల్‌దర్వాజ, శాలిబండ మీదుగా చార్మినార్ దాకా నూట ఇరవై అడిగాడు, వందకు ఒప్పుకున్నాడు. నా బాకు పట్టుగుడ్డలో ఉంది, వాడిది చిరిగిన లుంగీలో.

"ఏముంది బాపూ మూటల్ల?" అన్నాడు డ్రైవర్.

"పాత బాకులు. చూపించనీకి పోతున్నం."

"మంచిగనే ఉంది. నా బండి దిగినంక కొట్లాడుకోండ్రి."

చార్మినార్ వెనక గల్లీలో మిఠాయిల మీద అద్దే వెండిరేకు కొట్టే సుత్తుల చప్పుడు వినబడితే దారి సరైనదేనని గుర్తు. ఒకప్పుడు ఆ చప్పుడు వింటూ గంటసేపు నిలబడి, కొనాల్సిన మిఠాయి మరిచి ఇంటికి పోయి తిట్లు తిన్నాను. అది వేరే కథ. ఆ గల్లీ చివర కరీం సాబ్ దుకాణం. మూడు తరాలుగా కత్తులకు సానబట్టి, పిడులు బాగుచేసే కుటుంబం. పదకొండుకు తెరుస్తారు, శుక్రవారం సెలవు.

కరీం సాబ్ ముందు యాదగిరి బాకు తీసుకున్నాడు. దూదిని నూనెలో ముంచి పిడి మీద అద్ది, కంటికి భూతద్దం పెట్టాడు. నన్నూ చూడమన్నాడు. మసి కింద బంగారు తీగ, వెంట్రుకంత సన్నగా అల్లుకుని ఉంది. తర్వాత పిడి, కత్తి అలుగు కలిసేచోట వేడి సూది ఆనించాడు. వాసన వచ్చింది.

"లక్క. ఇప్పటోళ్లు గమ్ పెడ్తరు, స్క్రూ కొడ్తరు. ఇది అసలుది."

"ఎన్నేండ్లది సాబ్?" అన్నాడు యాదగిరి.

"సంవత్సరం చెప్పేటోడు జూటా. మా తాతకు తాత కాలంది అనుకో."

బాకుల గురించి దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ని నేను, యాదగిరి పేపర్లో పెళ్లి ప్రకటనలు తప్ప చదవడు. అయినా నాదింకా మిగిలే ఉంది కదా అని పట్టుగుడ్డ విప్పాను. దుకాణమంతా తళుక్కుమంది. కరీం సాబ్ పిడిని వేలితో రాసి చూశాడు.

"దీన్ని తోమింది ఎవరు?"

"నేనే. ఏటా దసరాకి ఆయుధపూజ ముందు చింతపండు, బూడిద. మొండి మరకలకు ఉప్పుకాగితం."

ఆయన బాకు తిప్పి, పిడి కింది సందు చూపించాడు. నా వేలు దూరనిచోట, బియ్యపుగింజంత బంగారు తీగ. అదే అల్లిక.

"జోడీ ఇది, ఒకే చెయ్యి పని. దీని మీద గూడా ఆ బాకు మీదున్నంత బంగారం ఉండె. పన్నెండు దసరాలు కడిగేసిండ్రు సాబ్."

"నేను బద్ధకంతోని ముట్టలే అన్నా," అన్నాడు యాదగిరి, తప్పు తనదైనట్టు.

తిరుగు ఆటోలో వాడు లుంగీమూట నా ఒళ్లో పెట్టాడు. "మార్చుకుందాం తియ్యన్నా. ముందు ఏరుకున్నది నువ్వే గదా. నాకు మెరిసేదే ఇష్టం."

మనసులోంచే అన్నాడు. అదే ఎక్కువ మండింది. నా చెయ్యి మూట మీద నుంచి కదలడానికి శాలిబండ దాటేదాకా పట్టింది. వద్దన్నాను. మంచితనం కాదు, దసరా వస్తే నా చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు.

వాడికి పాతది దొరికిందని ఇన్నాళ్లూ కుళ్లుకున్నాను. ఇప్పుడు కుళ్లు పోలేదు గానీ, ఎవరి మీదో తెలియడం లేదు. నా దగ్గరా ఉండిందే, నా శ్రద్ధే దాన్ని తినేసింది. మీ ఇంట్లో అలాంటి పాత వస్తువుంటే తోమకుండా, మురికితోనే పాతగుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. చింతపండు చారులోకి ఉంచండి. టీకొట్టు దగ్గర కుర్చీ మాత్రం ఇప్పటికీ యాదగిరిదే.